సాయంత్రం వస్తానన్నారు

జూలై 3, అమలాపురం

లాడ్జిలో దిగాను. కిటికీ తీస్తే బస్టాండు రొద, మూస్తే బూజు వాసన. తీసే ఉంచాను.

'గడప వైద్యం' ఎలా నడుస్తోందో చూసి చెప్పమని మా సంస్థకి అప్పగించారు. ముసలివాళ్ళు ఆసుపత్రి పాలు కాకుండా ఇంట్లోనే చూసుకునే కార్యక్రమం ఇది. నర్సు వారం వారం ఇంటికొస్తుంది, డాక్టరు ఫోన్లో అందుబాటులో ఉంటాడు. కోనసీమలో దీన్ని మెచ్చుకోనివాళ్ళు లేరు. విశాఖ ఆఫీసులో "ఎవరు వెళ్తారు?" అని మురళీమోహన్ గారు అడిగినప్పుడు అందరికంటే ముందు చెయ్యెత్తాను.

"మీ వైపే కదండీ క్రిస్టీనా గారూ, మంచిదే" అన్నారాయన.

మా వైపే. మా అమ్మ పోయింది కూడా ఈ వైద్యం చేతుల్లోనే. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు.

జూలై 4

ఈ పని నేను న్యాయంగానే చేస్తాను. న్యాయంగా చేస్తే చాలు, గడప వైద్యం నడిపే ఆ డాక్టరు మిగలడు.

జూలై 5

కొత్తపేటలో వాళ్ళ ఆఫీసు. డాక్టర్ సత్యదుర్గారావుని మొదటిసారి చూశాను. ఫోటోల్లో కన్నా పొట్టి. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, తగ్గు గొంతు. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టాడు.

"ఎండనపడి వచ్చేరు. ముందు కొబ్బరి నీళ్ళు తాగండి, తరవాత మమ్మల్ని తిడుదురుగాని" అన్నాడు.

తాగాను. దాహం వేసింది మరి.

"సర్కారు ఆసుపత్రిలో ఒక జీవితకాలం చేసేనండి" అని మొదలుపెట్టాడు. "కాలు విరిగి వచ్చిన ముసలాయన న్యుమోనియా తగులుకుని పోయేవాడు. మతి చక్కగా ఉండి వచ్చినావిడ కన్నపిల్లల్ని గుర్తుపట్టకుండా ఇంటికెళ్ళేది. మంచం మారితే ముసలి ప్రాణం తట్టుకోలేదండి. అందుకని మొదలెట్టేం ఇది."

రాసుకున్నాను. అబద్ధం ఒక్కటీ లేదు. అదే నా ఒళ్ళు మండించింది.

ఆయన కుర్చీ వెనక గోడ నిండా శాలువాలు కప్పుకున్న నర్సుల ఫోటోలు. ఎవరి కింది ముసలివాళ్ళు అందరికన్నా తక్కువగా ఆసుపత్రిలో చేరితే ఆ నర్సుకి ఏటా సన్మానం. "పోటీ ఉంటే శ్రద్ధ ఉంటుందండి" అన్నాడు నవ్వుతూ.

అమ్మ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఇప్పుడే కాదు.

జూలై 6, ఆదివారం. రాజోలు

నాన్న ఉంటున్నది నా చెల్లెలు స్టెల్లా దగ్గరే. అమ్మ కూడా ఇక్కడే ఉండేది.

చర్చిలో పాస్టరు గారు క్షమించడం గురించి చెప్పారు. పగ దేవుడికి వదిలెయ్యాలట. ఆయనకి చాలా పనులున్నాయి. నేను బయటికొచ్చి సైకిళ్ళ పక్కన నిలబడ్డాను.

భోజనాల దగ్గర మళ్ళీ అదే. నాన్న అన్నం కలుపుకున్నారు. రెండు ముద్దలు తిన్నారు. చెయ్యి కంచంలో అలాగే ఉండిపోయింది.

"ఎదురింటివాళ్ళ ఆటో ఆ రోజు గుమ్మం ముందే ఉందమ్మా. కేకేస్తే వచ్చేవాడు. నేను వెయ్యలేదు."

స్టెల్లా నావైపు చూసి, పెరుగు గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అమ్మ పోయిన అక్టోబరు నుంచి ఇదే మాటట, రోజూ. అన్నం దగ్గరే గుర్తొస్తుంది. అమ్మ ఎదురుగా కూర్చుని వడ్డించేది కదా.

వరప్రసాదం మాస్టారంటే ఎలా ఉండేవారు మా నాన్న. చొక్కా భుజాల మీంచి జారిపోతోంది.

ఆ రోజు జరిగింది నాకు స్టెల్లా చెప్పింది, తరవాత నాన్న చెప్పారు, ఇద్దరి మాటా ఒకటే. అమ్మకి పొద్దుటి నుంచి ఆయాసం. నర్సు వచ్చి చూసి డాక్టరుకి ఫోన్ చేసి నాన్న చేతికిచ్చింది. ఆయన అన్నాడు: "కంగారు పడకండి మాస్టారూ. మిషను పెట్టి మందు పొగ పట్టించండి. ఆసుపత్రిలో పడేస్తే ఆవిణ్ణి మీరు మళ్ళీ ఇలా చూసుకోలేరు. సాయంత్రం నేనే వస్తాను."

సాయంత్రం కాకముందే అమ్మ పోయింది. అతను ఆ సాయంత్రం రాలేదు, ఆ తరవాతా రాలేదు. దండ పంపించాడు.

నాన్న మాత్రం ఆటో దగ్గరే ఆగిపోయారు. డాక్టరు పేరెత్తరు. నా తండ్రి నేరస్థుడిలా కంచం ముందు కూర్చుంటుంటే, నేరం చేసినవాడు కొత్తపేటలో కొబ్బరి నీళ్ళు పోస్తున్నాడు.

జూలై 9, ఆత్రేయపురం

వెంకటదుర్గ గారు. పూతరేకులు తీస్తూనే మాట్లాడింది. బోర్లించిన కుండ మీద పిండినీళ్ళ గుడ్డ పరిచి లాగగానే పొర లేచొస్తుంది. నాకు చూపు తిప్పుకోబుద్ధి కాలేదు. షుగరు వల్ల కాలికి పుండు పడితే పెద్దాసుపత్రిలో పాదం తీసెయ్యాలన్నారట. గడప వైద్యం నర్సు ఇంటికొచ్చి కట్లు మార్చి మాన్పించింది.

"ఆసుపత్రిలో నన్ను మంచం నంబరుతో పిలిచేవోరమ్మా. పేరే లేకుండా పోయింది. ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు పేరెట్టి తిట్టనైనా తిడతారు కదా."

కాలు చూపించింది. చక్కగా మానింది.

ఈ ఇల్లు నాకు పనికిరాదు.

జూలై 11

ఇవాళ చూసినవీ పనికిరావు.

జూలై 15, అంతర్వేది

పక్షవాతం వచ్చిన ఒక చేపలాయన. మంచాన పడి ఏళ్ళయినా వీపున చిన్న పుండు లేదు. ఎలా తిప్పాలో, ఎలా తుడవాలో నర్సు కోడలికి నేర్పింది. ఆ కోడలు నన్ను ఆసుపత్రి మనిషిననుకుని గుమ్మంలోనే ఆపేసింది. "మా మావయ్యని తీసుకుపోతారా ఏంటండి?" అంది. కాదని నమ్మాకే లోపలికి రానిచ్చింది.

కారులో డ్రైవరు అన్నాడు: "మంచి పనండి వీళ్ళది. మా అమ్మని కూడా చేర్పించాలండి."

వాడితో తిరుగు ప్రయాణమంతా మాట్లాడలేదు.

జూలై 18

చూసిన ఇళ్ళన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఇవే రాస్తే అతని మెడలో ఇంకో శాలువా పడుతుంది. నాకు కావలసింది ఒక్క ఇల్లు. పంపాల్సిన మనిషిని పంపకుండా ఆపిన ఒక్క ఇల్లు. అమ్మది చెబితే కూతురి ఏడుపంటారు. వేరేవాళ్ళది కావాలి.

జూలై 21

ఐనవిల్లి వైపు తిరిగే నర్సు పేరు లీలావతి. మెత్తటి మనిషి, పోయినేడు శాలువా ఆమెదే. మాటల్లో అంది, సత్తిరాజు గారని ఒక కొబ్బరి రైతుకి రెండు మూడు రోజులుగా కాళ్ళు వాస్తున్నాయి, ఆయాసం పెరుగుతోందని.

రేపు ఆ ఇంటికే వెళ్దామన్నాను. ఎందుకో రాయక్కర్లేదు.

జూలై 22

రాయలేను.

జూలై 23

వాన. నిన్న వెళ్ళింది ఐనవిల్లి దాటాక తోటల మధ్య ఇంటికి. సత్తిరాజు గారు మంచం మీద కూర్చుని, రెండు చేతులూ ముందుకి ఆన్చి ఊపిరి పీల్చుకుంటున్నారు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి కావాల్సి వస్తోంది. పెదవులు నీలంగా ఉన్నాయి. ఆయన భార్య కామేశ్వరి గారు వీపు రాస్తోంది.

"తెల్లారగట్ట నుంచి పడుకోలేకపోతున్నారండి" అంది.

లీలావతి వేలికి క్లిప్పు పెట్టి చూసింది. ఇంకో వేలికి పెట్టి చూసింది. మొహం మారింది. డాక్టరుకి ఫోన్ కలిపి, అందరికీ వినపడేలా పెట్టింది. నేనే పెట్టమన్నాను.

"ఆయాసం బాగా ఎక్కువుందండి. పంపించేద్దామాండి?" అంది.

"మిషను పెట్టు. వాళ్ళని కంగారు పెట్టకు. సాయంత్రం నేనే వచ్చి చూస్తాను."

అవే మాటలు. గొంతు కూడా అంతే మెత్తగా.

నేను వెంటనే కారు గుమ్మందాకా తెప్పించాను. డ్రైవరూ నేనూ ఆయన్ని పట్టుకుని ఎక్కించాం. కామేశ్వరి గారు తడిసిపోతూ వెనకే వచ్చింది. అమలాపురంలో చేర్పించాం. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. ఆక్సిజన్ పెట్టారు. బతుకుతారన్నారు.

దొరికింది నాకు.

జూలై 24

ఆసుపత్రికి వెళ్ళాను. సత్తిరాజు గారు దిండ్లకి ఆనుకుని ఇడ్లీ తింటున్నారు. నన్ను చూసి చెయ్యెత్తారు. కామేశ్వరి గారు నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"మీరు లేకపోతే ఏమైపోదుమమ్మా. సమయానికి దేవుడు పంపినట్టొచ్చేరు."

చేతులు లాక్కోవాలనిపించింది.

లీలావతి వరండాలో నిలబడి ఉంది. "ఒక మాటడగొచ్చాండి?" అంది. "ఫోన్ పెట్టేసేక మీరు అలా చూస్తూ ఉండిపోయేరు. ఎందుకండి?"

"నువ్వెందుకు చూస్తూ ఉండిపోయావు?"

"డాక్టరు గారు చెప్పేరు కదండి. ఆయన మాట కాదని పంపితే రేపు ఆ పేషెంటుకి ఏదన్నా అయితే నాదే తప్పంటారు." కొంగుతో మొహం తుడుచుకుంది. "మరి మీకేంటండి? మీకు ఎవరి భయమూ లేదు కదా."

లాడ్జికి వచ్చేశాను.

జూలై 25

నిన్న కాక మొన్న 'వెంటనే' అని రాశాను. వెంటనే కాదు.

డాక్టరు ఫోన్ పెట్టేశాక లీలావతి మిషను పెట్టింది. నేను గోడవార బల్ల మీద కూర్చున్నాను. చూసేదాన్నే కాని చేసేదాన్ని కాదు, ఇళ్ళల్లో జోక్యం చేసుకోకూడదు, అది మా పని పద్ధతి. అదే అనుకుంటూ కూర్చున్నాను. కాని అనుకున్నది అది కాదు. ఈయన పోతే, అనుకున్నాను. ఈయన పోతే ఇక ఎవరూ కాదనలేరు. సత్యదుర్గారావు ఆ కుర్చీలోంచి లేవాల్సిందే.

మందు పొగ వస్తోంది. ఆయన చూపు గది అంతా తిరిగి నా మీద ఆగింది. నన్నేమీ అడగలేదు. ఆయనకి మాట రావడం లేదు.

కామేశ్వరి గారు "కాస్త నయమేనేమో కదండి?" అంది లీలావతితో. లీలావతి తలూపింది. నేనూ తలూపాను. నయం కాదని తెలిసే ఊపాను.

మిషన్లో మందు అయిపోయి గరగరమని చప్పుడు మొదలయ్యేదాకా కూర్చున్నాను. కామేశ్వరి గారు లేచి, వాన పడుతున్నా గుమ్మంలోకి వెళ్ళి రోడ్డు వైపు చూసి వచ్చింది. డాక్టరు వస్తున్నాడేమోనని. అప్పుడు లేచాను. ఆవిడ అలా చూడకపోతే ఇంకెంతసేపు కూర్చునేదాన్నో నాకు తెలియదు.

ఆ రోజు రాజోల్లో నాన్న కూడా ఇలాగే గుమ్మంలోకి వెళ్ళి వెళ్ళి వచ్చి ఉంటారు.

జూలై 28

మురళీమోహన్ గారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. మా అమ్మ సంగతి. సత్తిరాజు గారి ఇంట్లో నేను కూర్చుండిపోయిన సంగతి కూడా.

"మొదటి రోజే చెప్పాల్సిందండీ క్రిస్టీనా గారూ."

"చెబితే పంపేవారు కాదు."

"పంపేవాణ్ణి కాదు. అందుకే చెప్పాల్సింది."

నన్ను పక్కన పెట్టారు. మిగతా ఇళ్ళు ఆయనే వచ్చి చూస్తారట, నేను చూసినవి కూడా మళ్ళీ. కార్యక్రమం మూసెయ్యమని రాయండి అన్నాను. "మీరు చూసిన ఇళ్ళు మీరే ఒకసారి చదువుకోండి, ఆ తరవాత అడగండి" అన్నారు.

చదివాను. అడగలేదు. వెంకటదుర్గ గారి కాలు అడ్డొచ్చింది.

ఆగస్టు 4, కొత్తపేట

వెళ్ళొద్దనుకుంటూనే వెళ్ళాను. సత్యదుర్గారావు ఒక్కడే ఉన్నాడు.

"సత్తిరాజు గారు ఇంటికొచ్చేశారండి" అన్నాడు. "మీ చలవే. కాని ఒక్క మాట, మీరు కలగజేసుకోకపోయినా సాయంత్రానికి నేను వెళ్ళేవాణ్ణి."

"రాజోలు కూడా సాయంత్రం వెళ్తానన్నారు, పోయిన అక్టోబర్లో. వరప్రసాదం మాస్టారి ఇంటికి. నేను వాళ్ళ పెద్దమ్మాయిని."

మొహంలో ఏ మార్పూ లేదు. గుర్తు చేసుకుంటున్నాడు. చాలాసేపు వెతికాడు.

"అమ్మగారి పేరండి?"

పది నెలలుగా ఈ మనిషి నా నిద్రలో, నా కంచంలో, నా ప్రార్థనలో కూడా ఉన్నాడు. ఇతని తలలో మా అమ్మ లేనే లేదు.

"విజయకుమారి" అన్నాను. గొంతు పెరగకుండా చూసుకున్నాను. "మీ మీద మా సంస్థ రాసేది రాస్తుంది. నర్సు పంపాలనుకున్న మనిషిని ఫోన్లోంచి ఆపే అధికారం మీకు ఉండకూడదని రాస్తుంది. అది ఆగదు, ఆపమని మీరు అడిగినా నా చేతిలో లేదు. నా చేతిలో ఉన్నది వేరే. కూతురిగా వైద్య మండలికి నేను పెట్టుకునే ఫిర్యాదు. అది పెట్టకుండా ఉండాలంటే మీరు ఒక పని చెయ్యాలి."

"చెప్పండి."

"మా నాన్న దగ్గరికి వచ్చి, తప్పెవరిదో ఆయనకి చెప్పాలి. అంతే. మీ నోటితో."

కళ్ళజోడు తీశాడు. తుడవలేదు, ఊరికే పట్టుకున్నాడు. "మేం ఇంట్లో ఉంచి కాపాడినవాళ్ళని మీరు చూసేరు కదండి. చాలామంది. వాళ్ళని చూసి చూసి, పంపమంటే ఓడిపోయినట్టనిపించేది నాకు" అన్నాడు.

జాలి పడమని అన్న మాట కాదు. అయినా నాకు జాలి వెయ్యలేదు.

"ఆదివారం వస్తానండి. ఈ వారం కాదు, పై వారం. పదిహేడున" అన్నాడు. "ముందు ఆ రోజు నేనేం విన్నానో, ఏమన్నానో మా నర్సుని అడిగి తెలుసుకుని వస్తాను. తెలియకుండా వచ్చి చెబితే అబద్ధమవుతుంది."

ఆగస్టు 12

మురళీమోహన్ గారు రాసింది చదవమని పంపారు. కార్యక్రమం కొనసాగాలన్నారు. శాలువాలు ఆపాలన్నారు. ఆయాసం, స్పృహ తప్పడం లాంటివి కనిపిస్తే నర్సే 108ని పిలవాలి, డాక్టరుకి తరవాత చెప్పినా చాలు. డాక్టరు ఆపకూడదు. అతన్ని తీసెయ్యమని లేదు. ఈ కాగితం కోసమేనా నేను వచ్చింది. ఒకసారి చదివి ఫోను బోర్లించి పెట్టేశాను.

లీలావతి ఫోన్ చేసింది. కొత్త పద్ధతి ఇప్పట్నుంచే మొదలెట్టేశారట. నిన్న ఒకావిణ్ణి తనే పంపించిందట. "భయమేసిందండి, అయినా నొక్కేసేను" అంది. బాగుంది అన్నాను.

ఆగస్టు 17, ఆదివారం. రాజోలు

చర్చి నుంచి వచ్చేసరికి కారు గుమ్మం ముందుంది. ఒక్కడే వచ్చాడు. దండా లేదు, పళ్ళూ లేవు. అది నయం.

నాన్నకి నేను ముందే చెప్పలేదు. చెబితే వద్దనేవారు. నాన్న వరండాలో పడకకుర్చీ దగ్గర నిలబడి, చేతికర్ర అందుకుంటూ చూశారు.

"నేను సత్యదుర్గారావునండి, డాక్టర్ని."

నాన్న కుర్చీలో కూర్చున్నారు. ఎదురుగా ఇంకో రెండు కుర్చీలున్నాయి. స్టెల్లా తలుపు దగ్గర, నేను మెట్ల మీద.

"మాస్టారూ, ఆ రోజు ఫోన్లో అమ్మగారి గొంతు నాకు వినపడింది" అన్నాడు. "మాట పూర్తి చెయ్యలేకపోతున్నారు. అప్పుడే పంపించెయ్యమని అనాల్సింది నేను. మా నర్సు కూడా పంపుదామంది, నేనే వద్దన్నాను. సాయంత్రం వస్తానన్నాను. కాకినాడలో మీటింగు ఉండి, రాలేనని నాకు అప్పటికే తెలుసండి. మీరు ఆటో పిలవకపోవడం కాదు జరిగింది. మీరు పిలవకుండా నేను ఆపేను. తప్పు మీది కాదండి. నాది."

రాలేనని అప్పటికే తెలుసు. ఆ మాట నాకూ కొత్త. మెట్టు అంచు పట్టుకున్నాను.

అప్పటికి గాని గమనించలేదు, అతను ఇంకా నిలబడే ఉన్నాడు.

మా నాన్న గుమ్మం ఎక్కిన మనిషిని నిలబెట్టి మాట్లాడ్డం నేను పుట్టాక చూడలేదు. పాలవాడినైనా, కరెంటు బిల్లు కొట్టేవాడినైనా, ఓట్లకొచ్చినవాళ్ళనైనా "కూర్చోండి బాబూ, మంచినీళ్ళు తాగండి" అన్నాకే మాట. మా వాళ్ళని పెద్ద ఇళ్ళ అరుగుల కింద నిలబెట్టి మాట్లాడిన రోజులు ఆయన చిన్నప్పుడు చూసినవారు. అందుకే తన ఇంట్లో ఎవరినీ నిలబెట్టకూడదనేవారు. స్టెల్లా అలవాటు కొద్దీ కుర్చీ ముందుకి జరపబోయింది. నాన్న చేతికర్ర అడ్డం పెట్టారు. మెల్లగా, నేల మీద, కుర్చీ కాలికి ఆనేలా.

డాక్టరుకీ అర్థమైంది. ఇటువైపు మనిషే కదా. చెవులు ఎర్రబడ్డాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. దొడ్లో కోడిపిల్లలు అరుస్తున్నాయి. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు తలలు తిప్పి చూస్తున్నారు. నాన్న అతని మొహంలోకే చూస్తూ చాలాసేపు కూర్చున్నారు. అంతసేపూ అతను నిలబడ్డాడు.

"ఆయ్" అన్నారు చివరికి. "విన్నానండి. వెళ్ళండి ఇంక."

వెళ్ళిరండి అనలేదు.

కారు మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా చూశారు. అప్పుడు నావైపు తిరిగారు.

"క్రిస్టీనా. ఆయన్ని నిలబెట్టేసేనే."

"అవును నాన్నా."

"పెద్దాయన. ఎండనపడి వచ్చేడు. మీ అమ్మయితే కూర్చోమనేది." కాసేపు ఆలోచించారు. "అననిచ్చేవాణ్ణి కాదులే" అన్నారు.

ఇన్ని నెలల తరవాత నాన్నకి కోపం రావడం చూశాను. ఏడుపు కూడా వచ్చింది, కోపంతో కలిసి వచ్చింది, పెద్దగా, రోడ్డు మీదవాళ్ళకి వినపడేలా. స్టెల్లా వెళ్ళి పట్టుకుంది. నేను మెట్ల మీదే కూర్చుండిపోయాను. నాకు అంతకన్నా ఏమీ అక్కర్లేదనిపించింది.

మధ్యాహ్నం అన్నం కలుపుకుంటూ, "రాలేనని తెలిసే అన్నాడటమ్మా" అన్నారు. ఆటో మాట ఎత్తలేదు. ఎత్తుతారేమోనని మేమిద్దరం కంచాల్లోకి చూస్తూ కూర్చున్నాం. ఎత్తలేదు. పప్పు ఇంకాస్త వెయ్యమన్నారు.